ఎవరి చేతిలో పడుతుందో అన్న భయం

వయసు వచ్చిన మనిషి తన గదిలో, తలుపు వేసుకొని, ఏమి చదవాలో ఏమి చూడాలో ప్రభుత్వం నిర్ణయించవచ్చునా? బ్రిటన్‌లో ఉంటున్న మనకు ఈ పాత ప్రశ్న 2025 జులై 25 నుంచి కొత్త రూపంలో ఎదురవుతోంది. 2023 నాటి ఆన్‌లైన్ సేఫ్టీ చట్టం ప్రకారం, అశ్లీల దృశ్యాలను అందించే వెబ్‌సైట్లు ఇక్కడి వీక్షకుల వయసును గట్టిగా నిర్ధారించుకొని తీరాలి. ముఖాన్ని కెమెరాకు చూపి వయసు అంచనా వేయించుకోవడం, పాస్‌పోర్టో డ్రైవింగ్ లైసెన్సో చూపించడం, క్రెడిట్ కార్డు వివరాలివ్వడం అందుకు అంగీకరించిన పద్ధతుల్లో కొన్ని. పాటించని సంస్థకు 1.8 కోట్ల పౌండ్లు లేదా ప్రపంచవ్యాప్త ఆదాయంలో 10 శాతం, వీటిలో ఏది ఎక్కువైతే అంత వరకు జరిమానా పడుతుంది. అమలు బాధ్యత ఆఫ్‌కామ్‌ది.

పిల్లల కంట ఇవి పడకూడదన్న ఉద్దేశాన్ని ఎవరూ కాదనరు. నేనూ కాదనను. అయితే పిల్లల కోసం వేసిన గేటు దగ్గర ప్రతి వయోజనుడూ ఆగి, తన ఆనవాలు ఇచ్చి లోపలికి పోవలసి వస్తున్నది. ఈ ఏర్పాటును అర్థం చేసుకోవాలంటే అశ్లీలతా చట్టం పుట్టినచోటికి వెళ్ళాలి. నూటయాభై ఏళ్ళకు పైగా ఈ చట్టం ‘ఏమి రాశారు’ అన్నదానికన్నా ‘అది ఎవరి చేతిలో పడుతుంది’ అన్న ప్రశ్న మీదనే ఎక్కువగా నడిచింది. ఆ చేతులు సాధారణంగా ఆడవాళ్ళవి, కూలీలవి, పాలితులవి. ఆ చరిత్రలో ఒక కొస ఇక్కడి లెస్టర్‌లో, మరొక కొస మన తెలుగు కావ్యంలో ఉన్నాయి.

కావ్యంలో దోషం, కోర్టులో నేరం

మన ఆలంకారికులకు అశ్లీలం తెలియని విషయం కాదు. అది వారి దృష్టిలో కావ్యదోషం. సిగ్గు కలిగించేది, జుగుప్స కలిగించేది, అమంగళాన్ని స్ఫురింపజేసేది అని దాన్ని మూడు విధాలుగా విభజించారు. కుమారసంభవంలో కాళిదాసు పార్వతీపరమేశ్వరుల శృంగారాన్ని వర్ణించడం ఉచితమేనా అన్న చర్చ ఆనందవర్ధనుడి కాలానికే ఉంది. అక్కడ అనౌచిత్యం ఉన్నదనీ, కవి శక్తి దాన్ని కనబడనివ్వలేదనీ ఆయన తేల్చాడు. ఈ చర్చలో గమనించవలసింది, దోషం కావ్యానిదే తప్ప చదివినవాడిది కాకపోవడం. తీర్పు చెప్పేవాడు సహృదయుడు. శిక్ష, ఆ పద్యం మంచి పద్యం కాదనిపించుకోవడం. కొత్వాలుకు ఇందులో పాత్ర లేదు.

ఇంగ్లండులో ఈ పాత్రను చట్టం సృష్టించింది. 1857 నాటి అబ్సీన్ పబ్లికేషన్స్ చట్టం పుస్తకాలను జప్తు చేసి తగలబెట్టే అధికారాన్ని మెజిస్ట్రేట్లకు ఇచ్చింది. ఏది అశ్లీలమో మాత్రం చెప్పలేదు. ఆ లోటును 1868లో హిక్లిన్ తీర్పు పూరించింది. మన పొరుగున ఉన్న వుల్వర్‌హాంప్టన్‌లో హెన్రీ స్కాట్ అనే వ్యక్తి క్యాథలిక్కులను ఎండగట్టే ఒక కరపత్రాన్ని అమ్మాడు. కింది కోర్టు అతని ఉద్దేశం మంచిదేనన్నది. పై కోర్టులో ప్రధాన న్యాయమూర్తి అలెగ్జాండర్ కాక్‌బర్న్ ఆ వాదనను తోసిపుచ్చి ఒక సూత్రం చెప్పాడు. దాని సారాంశం ఇది: చెడు ప్రభావాలకు లొంగే మనసున్నవారి చేతిలో పడితే వారిని చెడగొట్టే స్వభావం ఒక రచనకు ఉంటే, అది అశ్లీలం. రచయిత ఉద్దేశంతో పని లేదు. సహృదయుడి స్థానంలో అత్యంత దుర్బలుడైన ఒక ఊహాపాఠకుడు వచ్చి కూర్చున్నాడు. ఆ దుర్బలుడు ఎవరన్నది న్యాయమూర్తి తన ఊహలోంచి తీసుకోవలసిందే.

ఆరు పెన్నీల పుస్తకం

లెస్టర్ నగరం నడిబొడ్డున హంబర్‌స్టోన్ గేట్‌లో సెక్యులర్ హాలు ఉంది. దాని ముఖద్వారం మీద సోక్రటీస్, ఏసు, వోల్టేర్, థామస్ పెయిన్, రాబర్ట్ ఓవెన్‌ల ప్రతిమలు వరసగా కనిపిస్తాయి. 1881 మార్చిలో ఈ హాలును ప్రారంభించినప్పుడు వచ్చినవారిలో చార్లెస్ బ్రాడ్లా, అనీ బిసెంట్ ఉన్నారు. హోమ్‌రూల్ ఉద్యమం వల్లా, మదనపల్లె కళాశాల వల్లా మనకు బాగా తెలిసిన అనీ బిసెంటే ఈమె. లెస్టర్ వచ్చేనాటికి ఆమె పేరు ఇంగ్లండు అంతటా మారుమోగడానికి కారణం అశ్లీలతా చట్టం కింద జరిగిన ఒక విచారణ.

అమెరికన్ వైద్యుడు చార్లెస్ నోల్టన్ గర్భనిరోధం గురించి ‘ఫ్రూట్స్ ఆఫ్ ఫిలాసఫీ’ అనే చిన్న పుస్తకం రాశాడు. 1877లో బ్రాడ్లా, బిసెంట్ దాన్ని ఆరు పెన్నీల వెలకు పునర్ముద్రించి, కావాలనే అరెస్టయ్యారు. విచారణ జరిపింది హిక్లిన్ సూత్రకర్త కాక్‌బర్నే. ప్రభుత్వం తరఫున వాదించిన సొలిసిటర్ జనరల్ హార్డింజ్ గిఫర్డ్, చదువుకున్న ఏ ఆంగ్లేయ భర్తా తన భార్యను సైతం ఈ పుస్తకం చదవనివ్వడన్నాడు. ఇద్దరికీ ఆరు నెలల జైలు, చెరి 200 పౌండ్ల జరిమానా పడ్డాయి. 1878లో, అభియోగపత్రంలో అభ్యంతరకరమైన మాటలను పేర్కొనలేదన్న సాంకేతిక కారణంతో, పై కోర్టు ఆ శిక్షను కొట్టివేసింది. అయినా అదే ఏడాది బిసెంట్ తన కూతురిని పెంచుకునే హక్కును కోర్టులో కోల్పోయింది. అంతకుముందు ఏటా వెయ్యి లోపు అమ్ముడుపోయే ఆ పుస్తకం, ఈ కేసు పుణ్యాన మూడు నెలల్లో లక్షా పాతికవేల ప్రతులు అమ్ముడైంది.

బ్రిటన్‌లో పనిచేసే వైద్యులందరూ తెలుసుకోవలసిన మరొక కథ ఉంది. లీడ్స్ వైద్యుడు హెన్రీ ఆల్‌బట్ గర్భవతుల ఆరోగ్యం, గర్భనిరోధం గురించి ‘ది వైఫ్స్ హ్యాండ్‌బుక్’ రాశాడు. 1887లో జనరల్ మెడికల్ కౌన్సిల్ అతని పేరును రిజిస్టరు నుంచి కొట్టివేసింది. కౌన్సిల్ చూపిన కారణం, అతను ఆ పుస్తకాన్ని అంత చౌక వెలకు ప్రచురించడం. వైద్య గ్రంథాల్లో ఆ విషయాలే ఖరీదైన అట్టల మధ్య ఉండవచ్చు. ఆరు పెన్నీలకు మిల్లు కార్మికుడి భార్య చేతికి అందితే మాత్రం నేరం. హిక్లిన్ సూత్రపు అసలు అర్థాన్ని ఇంత నిజాయితీగా బయటపెట్టిన తీర్పు మరొకటి నాకు కనబడలేదు.

ఈ రెండు కేసుల్లోనూ చట్టం వలలో పడ్డది బూతు కాదు, వైద్యం. అశ్లీలతను ఆపడానికి వేసిన వల ఆరోగ్య విజ్ఞానాన్ని కూడా పట్టుకుపోవడం ప్రమాదవశాత్తు జరిగింది కాదు. సూత్రం విషయాన్ని కాక పాఠకుడిని కొలిచినప్పుడు, పాఠకుడికి ఉపయోగపడేదీ అందులోనే చిక్కుకుంటుంది.

రాధిక చేసిన నేరం

ఇదే సూత్రం ఓడ ఎక్కి మన దేశానికి వచ్చింది. 1860 నాటి భారత శిక్షాస్మృతి 292వ సెక్షన్ అశ్లీల పుస్తకాల అమ్మకాన్ని నేరం చేసింది. కోర్టులు దానికి హిక్లిన్ కొలతను వాడుకున్నాయి. గుళ్ళ మీద, దేవుడి రథాల మీద చెక్కిన బొమ్మలకు మాత్రం ఆ సెక్షన్‌లో మినహాయింపు ఉండేది. రథం మీది శిల్పానికి దొరికిన ఆ రక్షణ, ఒక స్త్రీ రాసిన ప్రబంధానికి దొరకలేదు.

ముద్దుపళని 18వ శతాబ్దంలో తంజావూరు మరాఠా రాజు ప్రతాపసింహుడి ఆస్థానంలో ఉన్న విదుషి. ఆమె రాసిన ‘రాధికాసాంత్వనము’ నాలుగు ఆశ్వాసాల శృంగార ప్రబంధం. తాను పెంచిన ఇళను రాధ స్వయంగా కృష్ణుడికిచ్చి పెళ్ళి చేస్తుంది. తర్వాత ఈర్ష్యతో, విరహంతో రగిలిపోతుంది. చివరికి కృష్ణుడు ఆమెను అనునయిస్తాడు. ఇందులో కోరికా, అలకా, చొరవా రాధవే. ప్రబంధ శృంగారానికి అలవాటుపడ్డ పాఠకుడికి ఇందులో కొత్తగా కనిపించేది వర్ణన కాదు, ఆ వర్ణన చేస్తున్న గొంతు.

కందుకూరి వీరేశలింగం కవుల చరిత్రలో ముద్దుపళనిని ఈసడించాడు. ఆ పద్యాలు స్త్రీ నోట రాదగినవి కావన్నది ఆయన అభిప్రాయం. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ వావిళ్ళవారి ద్వారా ఆ కావ్యాన్ని పూర్తిగా ప్రకటించి, ఆయనకు సూటిగా జవాబు చెప్పారు. సిగ్గు, ఔచిత్యం అనేవి ఆడవాళ్ళకే గాని మగవాళ్ళకు వర్తించవా అని ప్రశ్నించారు. వీరేశలింగం స్వయంగా పరిశీలించి ఆమోదించిన వైజయంతీవిలాసంలో ఇంతకన్నా తక్కువ శృంగారముందా అని అడిగారు. తెలుగు సాహిత్య విమర్శలో ద్వంద్వ ప్రమాణం మీద వేసిన తొలి గట్టి ప్రశ్నల్లో ఇది ఒకటి. వితంతు వివాహాల కోసం సంఘాన్ని ఎదిరించిన వీరేశలింగం దుర్మార్గుడేమీ కాదు. స్త్రీలను ఉద్ధరించాలన్న తపన, స్త్రీలు ఏమి రాయాలో తానే నిర్ణయించే అధికారంగా మారడానికి ఆయన ఉదాహరణ. రక్షించే చేయి, గొంతు నొక్కే చేయి ఒకటే కావచ్చు.

ఫిర్యాదులు అందిన మద్రాసు ప్రభుత్వం తన అనువాదకుడి చేత పుస్తకాన్ని పరిశీలింపజేసి, అశ్లీలమని తేల్చి, 1911లో ప్రతులను జప్తు చేయించింది. పండితులు విజ్ఞప్తులు పంపినా ఫలితం లేకపోయింది. దశాబ్దాల తర్వాత టంగుటూరి ప్రకాశం మద్రాసు ప్రధానిగా ఉండగా నిషేధం తొలగింది. 1952లో వావిళ్ళవారు కావ్యాన్ని మళ్ళీ ముద్రించారు. నాగరత్నమ్మ కన్నుమూసింది ఆ సంవత్సరమే. ఈ మధ్యకాలంలో పెరిగిన తెలుగు పాఠకులకు తమ భాషలో ఒక స్త్రీ అలాంటి కావ్యం రాసిందని తెలిసే అవకాశమే సన్నగిల్లింది. తెలుగు మాధ్యమంలో చదివిన మా తరానికి కూడా ప్రబంధాలంటే పాఠ్యపుస్తకంలోకి వచ్చిన పురవర్ణనలు, ఋతువర్ణనలే.

ఆంగ్లేయులు వెళ్ళినా సూత్రం వెళ్ళలేదు. ‘లేడీ చాటర్లీస్ లవర్’ను చౌక వెలకు అచ్చువేసినందుకు పెంగ్విన్ సంస్థపై 1960లో లండన్‌లో విచారణ జరిగింది. మీ భార్యగానీ నౌకర్లుగానీ దీన్ని చదవాలని కోరుకుంటారా అని ప్రాసిక్యూషన్ న్యాయవాది జ్యూరీని అడిగాడు. గిఫర్డ్ మాటలకు ఎనభై మూడేళ్ళ తర్వాత వినబడిన ప్రతిధ్వని అది. జ్యూరీ పెంగ్విన్‌ను నిర్దోషిగా విడిచిపెట్టింది. అదే పుస్తకాన్ని బొంబాయిలో అమ్మిన రంజిత్ ఉదేశీకి పడిన 20 రూపాయల జరిమానాను, హిక్లిన్ సూత్రాన్ని సమర్థిస్తూ, 1964లో మన సుప్రీంకోర్టు ఖరారు చేసింది. ఆ సూత్రాన్ని మన కోర్టు వదులుకున్నది 2014లో, అవీక్ సర్కార్ కేసులో.

తలుపుకు లోపల

ఇంతవరకు చెప్పినవన్నీ ముద్రణకు, అమ్మకానికి సంబంధించిన కేసులు. చదివేవాడి మీద కేసు పెట్టడం వేరే మెట్టు. అమెరికా సుప్రీంకోర్టు 1969లో స్టాన్లీ కేసులో ఆ మెట్టు దగ్గర ఆగింది. జూదం ఆధారాల కోసం ఇల్లు సోదా చేసిన పోలీసులకు అశ్లీల చిత్రాల రీళ్ళు దొరికాయి. సొంత ఇంట్లో మనిషి ఏమి చదువుతాడో, చూస్తాడో చెప్పే పని రాజ్యానిది కాదని కోర్టు తేల్చింది. భారత చట్టమూ స్థూలంగా ఇంతే. అమ్మకం, పంపిణీ, ప్రదర్శన నేరాలు. ఏకాంతంలో చూడడం నేరం కాదని కేరళ హైకోర్టు 2023లో స్పష్టం చేసింది. 2015లో కేంద్రం 857 వెబ్‌సైట్లను మూయించి, నిరసన రాగానే కొద్ది రోజుల్లో వెనక్కి తగ్గింది.

పిల్లలపై లైంగిక అత్యాచారాల దృశ్యాలను మాత్రం ప్రతి దేశపు కోర్టూ విడిగా చూస్తుంది. అమెరికా 1990లో, భారత సుప్రీంకోర్టు 2024లో ఆ భేదాన్ని గట్టిగా నిలిపాయి. ఇది మినహాయింపు కాదు, వేరే సూత్రం. అక్కడ దృశ్యమే నేరానికి నమోదు. చూసిన ప్రతిసారీ ఆ బిడ్డకు హాని పునరావృతమవుతుంది. సమ్మతి లేకుండా బయటపెట్టిన స్త్రీల చిత్రాలకూ ఇదే వర్తిస్తుంది. చూసేవాడి మనసు చెడుతుందా లేదా అన్నది అక్కడ ప్రశ్నే కాదు, చిత్రంలో ఉన్న మనిషికి ఏమి జరిగిందన్నదే ప్రశ్న.

బ్రిటన్ 2008లో ఈ గీతను దాటింది. ఒక ఘోరమైన హత్య తర్వాత తెచ్చిన ఆ చట్టం, కొన్ని రకాల హింసాత్మక అశ్లీల చిత్రాలను దగ్గర ఉంచుకోవడాన్నే నేరం చేసింది. అవి నటించినవైనా, చిత్రం వాస్తవంలా కనిపిస్తే చాలు. దీన్ని తేలికగా కొట్టిపారేయను. గొంతు పిసికే దృశ్యాలు చూసి అనుకరించే యువతీయువకుల మెడలోని రక్తనాళం చీలి పక్షవాతం రావచ్చని వైద్యులకు తెలుసు. ఆ హాని నిజం. కాని దాన్ని డబ్బు కోసం తయారుచేసి పంచే సంస్థను బాధ్యురాలిని చేయడం ఒకటి, చూసిన మనిషిని జైలుకు పంపడం మరొకటి. మొదటిది ప్రజారోగ్యం. రెండవది మనసు మీద కాపలా.

వైద్యం చెప్పగలిగింది

అశ్లీల దృశ్యాలు సమాజాన్ని చెడగొడతాయనడానికి రుజువులున్నాయి కదా అని వైద్య మిత్రులు అంటుంటారు. రుజువులు ఆ వాదన కోరినంత గట్టిగా లేవు. డెన్మార్క్ 1969లో నిషేధం ఎత్తివేశాక బెర్ల్ కుచిన్‌స్కీ నేర గణాంకాలను పరిశీలించాడు. కొన్ని లైంగిక నేరాలు తగ్గాయి. అత్యాచారాలు పెరిగినట్టు ఆయనకు కనబడలేదు. తత్త్వవేత్త బెర్నార్డ్ విలియమ్స్ అధ్యక్షతన బ్రిటిష్ ప్రభుత్వం నియమించిన కమిటీ 1979లో నివేదిక ఇచ్చింది. హాని చేసేదాన్ని నిషేధించాలి, ఇష్టం లేనివారి కళ్ళ ముందు, పిల్లల ముందు పరచేదాన్ని పరిమితం చేయాలి, మిగిలినదాన్ని వదిలేయాలన్నది దాని సారం. అచ్చు అక్షరం మీద ఏ ఆంక్షా వద్దన్నది. అయితే ఆ రుజువులు అచ్చు పత్రికల కాలానివి. జేబులోని ఫోనులో అంతులేకుండా దొరికే దృశ్యాల కాలానికి వాటిని యథాతథంగా అన్వయించకూడదు.

వ్యసనం సంగతి? ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐసీడీ-11లో కంపల్సివ్ సెక్సువల్ బిహేవియర్ డిజార్డర్‌ను గుర్తించింది. మనిషి అదుపు తప్పి, ఉద్యోగం, కుటుంబం, ఆరోగ్యం దెబ్బతినేదాకా పోతే అది చికిత్స చేయవలసిన స్థితి. కాని ఆ నిర్వచనంలోనే ఒక హెచ్చరిక ఉంది. తన కోరికల పట్ల నైతికమైన అపరాధభావం వల్ల మాత్రమే కలిగే బాధ, రోగనిర్ధారణకు సరిపోదు. ఈ వాక్యం మన సమాజానికి చాలా అవసరం. ఇలాంటి సమస్యతో డాక్టరు గదిలోకి వచ్చే మన కుర్రవాళ్ళు చాలాసార్లు మోసుకొచ్చేది రోగం కాదు, సిగ్గు. నిజంగా అదుపు తప్పినవాడు కూడా నోరు విప్పడానికి కారణం ఒక్కటే, ఆ మాట గది దాటదన్న నమ్మకం. గోప్యత లేని చోట చికిత్సే మొదలు కాదు. నేరంగా మార్చిన ఏ అలవాటైనా డాక్టరుకు దూరమవుతుంది.

గుర్తు పెట్టుకునే గేటు

మళ్ళీ వయసు నిర్ధారణకు వద్దాం. సారాయి దుకాణంలో వయసు అడిగితే లేని అభ్యంతరం ఇక్కడ ఎందుకన్నది బలమైన ప్రశ్నే. 2025 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు టెక్సాస్ చట్టాన్ని సమర్థించినప్పుడు ఆ ఆలోచనే పైచేయి అయింది. ఇక్కడ రెండు తేడాలున్నాయి. దుకాణదారు కార్డు చూసి మరిచిపోతాడు, యంత్రం మరిచిపోనవసరం లేదు. రెండోది, సారాయి సీసా మన అంతరంగం గురించి పెద్దగా చెప్పదు. మనిషి ఏకాంతంలో ఏమి చూస్తాడన్నది అతని కోరికను, కొన్నిసార్లు తల్లిదండ్రులకూ చెప్పుకోలేని అతని లైంగికతను బయటపెడుతుంది.

ఇది ఊహాభయం కాదు. 2015లో ఆష్లీ మాడిసన్ వెబ్‌సైటు సభ్యుల వివరాలు బయటపడినప్పుడు కుటుంబాలు కూలాయి. 2025 అక్టోబరులో డిస్కార్డ్ సంస్థ, తన తరఫున పనిచేసే మరొక సంస్థ దగ్గరి నుంచి సుమారు 70,000 మంది గుర్తింపు పత్రాల ఫోటోలు బయటికి పొక్కి ఉండవచ్చని ప్రకటించింది. వయసు నిరూపించుకోవడానికి ఇచ్చిన పత్రాలు అందులో ఉన్నాయి. పిల్లల రక్షణ కోసం గేటు అవసరమైతే, వయసు తప్ప మరేదీ తెలుసుకోని, తెలుసుకున్నదాన్ని దాచుకోని గేటును చట్టమే నిర్బంధంగా కోరాలి. పేరు చెప్పకుండా ‘పద్ధెనిమిది దాటింది’ అని మాత్రమే చెప్పగల సాంకేతిక పద్ధతులు ఉన్నాయి. వాటిని కంపెనీల ఇష్టానికి వదిలేయడం ప్రస్తుత ఏర్పాటులోని ప్రధాన లోపం.

నా దృష్టిలో రాజ్యం అధికారానికి మూడు మెట్లు ఉండాలి. తయారీ దగ్గర అది కఠినంగా ఉండాలి. ఎవరి సమ్మతి లేకపోయినా, ఎవరిని బలవంతపెట్టినా, ఎక్కడ ఒక బిడ్డ ఉన్నా, తీసినవాడినీ పంచినవాడినీ దాచుకున్నవాడినీ వదలకూడదు. అందజేత దగ్గర జాగ్రత్తగా ఉండాలి. పిల్లల దాకా రాకుండా చూడాలి, పెద్దల ఆనవాళ్ళు పోగుచేయకుండా చూడాలి. వయోజనుడి ఏకాంతం దగ్గర మాత్రం ఆగిపోవాలి. అక్కడ చూస్తున్నది మంచిదా కాదా అన్నది భార్యాభర్తలు మాట్లాడుకోవలసిన, విమర్శకుడు చర్చించవలసిన, అవసరమైతే వైద్యుడు వినవలసిన విషయం.

మనలో చాలామందికి ఇది మాట్లాడే విషయంగా తోచదు. మర్యాదస్తులు ఇటువంటివాటిని సమర్థిస్తూ నలుగురిలో నిలబడరు. అశ్లీలతా చట్టాల బలమంతా ఆ మౌనంలోనే ఉంది. 1911లో కూడా చాలామందికి రాధికాసాంత్వనము తమకు సంబంధించిన విషయంగా తోచలేదు. ఒక దేవదాసి రాసినదాన్ని మరొక దేవదాసి అచ్చువేసిందనుకొని పక్కకు తప్పుకున్నారు. ఫలితంగా తెలుగువాళ్ళు తమ మంచి కావ్యాల్లో ఒకదానికి మూడు దశాబ్దాలకు పైగా దూరమయ్యారు. సామాన్య వెబ్‌సైటు ఆ కావ్యంతో సమానం కాదు, నిజమే. కాని ఏది కావ్యమో ఏది బూతో తేల్చే పనిని ప్రభుత్వ అనువాదకుడికీ పోలీసుకూ అప్పగించినప్పుడు, వారు ఆ తేడాను తెలుసుకోలేరని మనకు అనుభవంలో తెలిసింది.